పాటకు గుత్త కాగితము

మాఘమాసము చివర రెడ్డిగూడెము తోటలలో మామిడిపూత నిండుగా విచ్చి, గాలి వీచినప్పుడెల్ల నేలమీద లేతపసుపు రాలుచుండు దినములలో, అచటి రైతుల యిండ్ల అరుగులపై ఒక కాగితము తప్పక చదువబడుచుండును. అది తోట గుత్త కాగితము. తోట యెన్ని యెకరములు, అందు బంగినపల్లి చెట్లెన్ని, కలెక్టరు చెట్లెన్ని, గుత్త ఒక కాపునకా రెండు కాపులకా, మందు కొట్టించు ఖర్చు ఎవరిది, బయానా ఎంత, మిగిలిన సొమ్ము కోతకు ముందా కోత నడుమనా, ఆవకాయకై యజమాని యింటికి మినహాయించిన చెట్లేవి అను సంగతులన్నియు తేలిన పిమ్మట గాని రైతు సంతకము చేయడు. చదువు రానివాడైనచో మరియొకనిచే మూడు మారులు చదివించుకొని వినును.

అట్టి రైతు ఒకని కుమారుడు, పాటలు కట్టుటలో నేర్పరి, కొన్నేండ్ల క్రిందట ఒక కాగితము చేతబట్టుకొని నాయొద్దకు వచ్చినాడు. తాను వ్రాసి తానే వరుస కట్టిన పల్లెపాట నొకదానిని పాటల వ్యాపారము చేయు ఒక సంస్థవారు యూట్యూబులో పెట్టుదుమని కొనుకొన్నారట.

"ఐదు వేలిచ్చారు బాబాయ్. సంతకం పెట్టేశా. ఇప్పుడు మా కుర్రోళ్ళు అదే పాట పాడి పెడితే తీసెయ్యమంటన్నారు. నువ్వు సదివినోడివి గదా, ఈ కాయితంలో ఏవుందో చూడు" అన్నాడు.

కాగితము ఒకే పుట. అందు "సర్వహక్కులు" అను మాట నాలుగు చోట్ల నున్నది. క్రింద 2019 ఫిబ్రవరి నాటి తేదీ, అతని సంతకము. సంతకమునకు ముందు చదివితివా యని యడిగితిని.

"టీ కొట్టుకాడ పెట్టించుకున్నారు. పాటేగా బాబాయ్, తోటా ఏవన్నానా?" అని నవ్వినాడు.

ఆ నవ్వు అతడొక్కనిది కాదు. తోటను గూర్చి యింత జాగరూకత గల జాతి, పాటను గూర్చి యింత నిర్లక్ష్యము వహించుట యేల అని నేను చాలకాలము వితర్కించుకొన్నాను. తోట కంటికి కనబడును, కంచె వేయనగును, పాట నోటినుండి వెడలినంతనే గాలిలో కలిసిపోవును గదా యని కొందరందురు. అది సగము కారణము మాత్రమే. తక్కిన సగము మన సంస్కారములో నున్నది. పోతన భాగవతమును రాజున కంకితమీయక శ్రీరామున కిచ్చినాడనియు, నాగలి దున్నుకొని జీవించినాడనియు ఐతిహ్యము. దానినుండి మనవారు గ్రహించిన పాఠము కవియైనవాడు సొమ్మడుగరాదని. నాకు తోచునది వేరు. తనది కాని వస్తువును ఈయనని చెప్పుటకు ఎవ్వనికిని అధికారము లేదు. భాగవతము తనదని యెరిగినవాడు గనుకనే పోతన రాజునకు కాదనగలిగినాడు. ఈ దృష్టి యలవడనిదే తెలుగు పాటకారునకు చట్టమెంత చెప్పినను చెవి కెక్కదు.

చట్టమునకు పాట యన్నది ఏకవస్తువు కాదు. 1957లో చేయబడి 1958 జనవరి 21 నుండి అమలునకు వచ్చిన మన కాపీరైటు చట్టము, ఒక పాటలో మూడు వేర్వేరు ఆస్తులను జూచుచున్నది. మాటలు సాహిత్యకృతి; వాని కర్త రచయిత. వరుస సంగీతకృతి, దాని కర్త స్వరకర్త, ఆయన దానిని స్వరలిపిలో వ్రాసినను వ్రాయకున్నను సరే. ఈ రెంటిని గొంతులో, వాద్యములలో నింపి పట్టిన రికార్డు మూడవది; దానికి కర్త దానిని చేయించిన నిర్మాత. గాయకు డీ మువ్వురిలో లేడు. ఆయనకు 1994 సవరణచే ప్రదర్శకుని హక్కు అను వేరొకటి లభించినది గాని, మాటయు వరుసయు ఆయనవి కావు. లోకమునకు పాట యనగా పాడినవాడే గనుక ఇది మొదట వింతగా దోచును. 2023 మార్చిలో ఆర్.ఆర్.ఆర్. చిత్రపు పాటకు ఆస్కారు వచ్చిననాడు ఆ వేదికపై ఉత్సాహముగా పాడినవారు రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలు. ప్రతిమల నందుకొన్నవారు మాత్రము వరుస కట్టిన కీరవాణి, మాట కూర్చిన చంద్రబోసు. పాట యెవరిదను ప్రశ్నకు చట్టమిచ్చు ఉత్తరమును ఆనాడు తెలుగువారందరు కన్నులార చూచినారు, గమనించినవారు తక్కువ.

మూడు ఆస్తులకు మూడు ఆయుర్దాయములు. మాటకును వరుసకును కర్త జీవితకాలమంతయు, ఆపై ఆయన మరణించిన సంవత్సరమునకు తరువాతి జనవరి మొదలు అరువది యేండ్లు. పూర్వమిది ఏబది యేండ్లే. 1941లో పరమపదించిన రవీంద్రుని కృతుల గడువు 1991తో తీరిపోనుండగా పదియేండ్లు పొడిగించినారు. రికార్డునకు మాత్రము వెలువడిన సంవత్సరమును బట్టి అరువది యేండ్లు. ఇట్లు చెప్పిన పొడిపొడిగా నుండును గాన ఎల్లరెరిగిన మాయాబజారును ముందు పెట్టుకొందము.

చిత్రము 1957లో వెలువడినది. కావున చిత్రముయొక్కయు, నాటి గ్రామఫోను రికార్డులయొక్కయు గడువు 2017 డిసెంబరు 31తో ముగిసినది. ఇక పాటలన్నియు ఊరివారి చెరువు నీరే యని తలచి ఎవరైన ఆ పాటలను క్రొత్త గొంతులతో పట్టించి అమ్మబూనినచో కాలు జారును. పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లో మరణించినారు. ఆ మాటలు 2031 చివరివరకు కాపుదలలో నుండును. వరుసలలో అధికభాగము ఘంటసాల వేంకటేశ్వరరావుగారివి. గుడివాడ చెంత చౌటపల్లిలో, అనగా రెడ్డిగూడెము నిన్నమొన్నటివరకు చేరియుండిన కృష్ణాజిల్లాలోనే పుట్టి, 1974లో అస్తమించిన ఆయన వరుసలకు 2034 చివరివరకు గడువున్నది. మరికొన్ని వరుసలు సాలూరి రాజేశ్వరరావుగారివి. ఆయన 1999వరకు జీవించినందున వానికి 2059 దాక. ఒకే చిత్రము, ఒకే పెట్టెలోని పాటలు, నాలుగు వేర్వేరు తేదీలు! పాత పాటను ముట్టుకొనదలచువాడు తొలుత నడుగవలసినది పాట వయస్సు కాదు. మాట వ్రాసినవా డెప్పుడు పోయినాడు, వరుస కట్టినవా డెప్పుడు పోయినాడు అను రెండు ప్రశ్నలు.

ఏలూరులో న్యాయవాదిగా నుండిన నండూరి సుబ్బారావుగారి యెంకి పాటలు 1925లో తొలుత అచ్చైనవి. ఆయన 1957లో మరణించిరి గనుక 2018 జనవరినుండి ఆ మాటలు లోకమువి. వానికి మీరు క్రొత్త వరుస కట్టినచో ఆ వరుస మీది, దాని గడువు మీ ఆయువుతో ముడివడును.

మా ప్రాంతపు భజనమండలి యొకటి అన్నమాచార్య సంకీర్తన నొకదానిని పాడి యూట్యూబులో నుంచగా, అది తమ సొత్తని ఒక సంస్థ అభ్యంతరము పంపినది. మండలివారికి పట్టరాని కోపము వచ్చినది. "అన్నమయ్యకి కూడా ఓనర్లు బయల్దేరారా?" అని వారి పెద్ద గర్జించినాడు. 1503లో గతించిన అన్నమయ్య మాటకు ఓనరు లేడు నిజమే. తిరుమల రాగిరేకులపై మాటలును రాగనామములును మాత్రమే నిలిచినవి. వరుసలు కాలగర్భమున కలిసినవి. నేడు మనము పాడుకొను వరుసలలో అనేకములు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి ప్రభృతులు మన కాలములో కట్టినవి. రాళ్లపల్లివారు 1979లో, నేదునూరివారు 2014లో గతించిరి గాన వారి వరుసలకు క్రమముగా 2039, 2074 సంవత్సరాంతములు గడువు. మండలివారు పాడినది ఎవరి వరుసయో వారే యెరుగరు, గురువుగారు నేర్పినారట. తెలియని వరుసను పాడుకొనుటకు దోషము లేదు గాని, తెలియని వరుసను అమ్ముటకు ముందు విచారింపవలయును. లేదా మీరే వరుస కట్టుకొనుడు. అన్నమయ్య అడ్డు చెప్పడు.

జానపదగీతముల మాట యిట్టిదే. కర్త యెవరో తెలియక తరతరములుగా నోటినోట వచ్చిన పాటకు కాపీరైటు లేదు. దానిని మొదట సేకరించినంత మాత్రమున అది సేకర్త ఆస్తి కాదు. 2021లో వచ్చిన లవ్ స్టోరీ చిత్రమునకై సుద్దాల అశోక్ తేజగారు ఒక జానపదగీతపు పల్లవిని గైకొని తక్కినది వ్రాయగా, దానిని వెలికి తెచ్చినది నేనని ఒక జానపదగాయని బాధపడినది. చట్టము ఆమె కియ్యగలిగినది స్వల్పము. ఇట్టిచోట చట్టముకంటె మర్యాద పెద్దది. పేరు చెప్పుటకు పైకము ఖర్చు కాదు.

ఇక కాగితమునకు వత్తము. ఈ అధ్యాయమున మీరు మరువక మనస్సున నిలుపుకొనవలసిన భాగ మిది. తోటను విక్రయించుటయు, కాపును గుత్త కిచ్చుటయు రెండు వేర్వేరు పనులని రెడ్డిగూడెములో పసిపిల్లవానికి తెలియును. చట్టములో మొదటిదానికి అసైన్మెంటు అనియు, రెండవదానికి లైసెన్సు అనియు పేరు. రెండును వ్రాతలో నుండవలసినవే, నోటిమాట చెల్లదు. హక్కు బదలాయింపు కాగితములో ఏ పాట, ఏయే హక్కులు, ఎంత కాలము, ఏ దేశమున, ప్రతిఫలమెంత అను నైదును ఉండవలయునని 19వ సెక్షను విధించినది. అంతటితో ఊరకొనక, వ్రాసుకొననివారి అజాగ్రత్తను చట్టము తానే దిద్దుచున్నది. కాలము వ్రాయనిచో తేదీనుండి ఐదేండ్లుగా భావింపవలెను. దేశము వ్రాయనిచో భారతదేశ మాత్రమే. కొన్నవాడు ఒక యేడాదిలోగా ఆ హక్కును వాడుకొననిచో, కాగితము మరియొక విధముగా చెప్పనియెడల, ఆ బదలాయింపు తనంతతానే రద్దగును. పాటను కొని పెట్టెలో పారవేయువారికి ఈ చివరి నియమము చురక వంటిది. పాట పెట్టెలో మ్రగ్గుచున్నదని విలపించు రచయితలలో దీని నెరిగినవారిని నేను వేళ్ళమీద లెక్కింపగలను.

రాయల్టీని గూర్చిన నియమము మరియొకటి కలదు; అది ఊరక వచ్చినది కాదు. 1969లో రచయితలు, స్వరకర్తలు, సంగీత ప్రచురణకర్తల రాయల్టీ వసూలునకై ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ బొంబాయిలో వెలసినది. సినిమా పాటలపై దాని హక్కును చిత్రనిర్మాతలు ప్రశ్నింపగా, 1977లో సుప్రీంకోర్టు, సొమ్మిచ్చి వ్రాయించుకొన్న నిర్మాతయే, వేరు ఒప్పందము లేనప్పుడు, పాటకు తొలి యజమాని యని తీర్పు చెప్పినది. అదే తీర్పునకు చేర్చిన చిన్న వ్యాఖ్యలో జస్టిస్ కృష్ణయ్యరు గాయకునకు చట్టములో తావే లేకపోవుటను గూర్చి చింతించినాడు. ఆ తీర్పు నీడలో మూడున్నర దశాబ్దములు మన మహాకవులు ఒక్కమారు కూలి పుచ్చుకొని, రేడియోలో, క్యాసెట్టులో, సెల్లుఫోను మ్రోతలో తమ పాట వేలమారులు పలుకగా విని ఊరకుండిరి. రాజ్యసభలో జావేద్ అఖ్తర్ ప్రభృతుల వాదముతో 2012లో చట్టము మారి, ఆ జూన్ 21 నుండి అమలునకు వచ్చినది. నాటినుండి సినిమా పాటయైనను, ప్రైవేటు పాటయైనను, రచయితయు స్వరకర్తయు హక్కులమ్ముకొన్నను, రాయల్టీలో సమానభాగము పొందు హక్కును మాత్రము వదలుకొనజాలరు. వదలుకొన్నట్లు వ్రాసిన మాట చెల్లదు. వారసులకును, వసూలు చేయు సొసైటీకిని దక్క మరెవ్వరికిని అది సంక్రమింపదు. సినిమాహాలులో చిత్రముతో కూడ వినబడు పాట కిది వర్తింపదు. సంతకము నాటికి వాడుకలో లేని క్రొత్త సాధనములకు, వానిని పేర్కొననిదే, హక్కు చెందదు. ఆవకాయ చెట్లు మినహా యని రైతు వ్రాయించుకొనుదానిని, మనము వ్రాయించుకొనకున్నను పార్లమెంటే మన పక్షమున వ్రాసినది. అయితే చెట్టుక్రిందికి పోయి కాయ కోసుకొనవలసినది మనమే: సొసైటీలో సభ్యత్వము లేనివాని రాయల్టీ వాని గుమ్మము వెదకికొని రాదు.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారి ఉదంతము మీకు జ్ఞాపకముండును. 2017 మార్చిలో ఆయన అమెరికాలో స్వర్ణోత్సవ కచ్చేరీలు చేయుచుండగా, తన పాటలను అనుమతి లేక పాడరాదని ఇళయరాజా పక్షమున నోటీసు వెళ్ళినది. ఇట్టి చట్టమొకటి కలదని తా నెరుగనని బాలుగారు బహిరంగముగా చెప్పి, ఆ పాటలను విడిచి తక్కినవానితో యాత్ర సాగించిరి. నలువదియేండ్ల స్నేహితుల నడుమ ఇదేమి దుర్మార్గమని లోకము రెండు పక్షములైనది. నా తీర్పు చెప్పుదును. అడుగుట స్వరకర్త హక్కు; అడిగిన తీరు వేరొక విధముగా నుండవచ్చును. పాటల కనుమతి తీసికొని రుసుము చెల్లింపవలసినవారు టిక్కెట్టులమ్మిన నిర్వాహకులు. భారము గాయకుని మెడపై బడుట న్యాయము కాదు. 2019 జూన్‌లో ఇరువురును మదరాసులో ఒకే వేదికపై పాడిరి. మీరు ఊరిలో జాతర ఆర్కెస్ట్రా పాడువారైనచో, అనుమతి యెవరిదను సంగతిని బయానా పుచ్చుకొను దినముననే నిర్వాహకులతో తేల్చుకొనుడు.

పెండ్లి మాట వేరు. మతకర్మలలోను, పెండ్లి ఊరేగింపులోను, దానికి సంబంధించిన వేడుకలలోను వాయించు పాటకు రాయల్టీ లేదని 52వ సెక్షను స్పష్టము చేయుచున్నది. 2023 జులైలో కేంద్రప్రభుత్వమును దీనినే మరల ప్రకటించినది. కావున బ్యాండుమేళమువారిని బెదరించి సొమ్మడుగువాడు వచ్చినచో మజ్జిగ ఇచ్చి పంపివేయవచ్చును. ముప్పది సెకండ్లవరకు ఎవరి పాటనైన వాడుకొనవచ్చునను ప్రచారము మాత్రము శుద్ధ అబద్ధము. అట్టి కొలత చట్టములో ఎచటను లేదు. 2008లో బొంబాయి హైకోర్టు, రామ్ సంపత్ కట్టిన ప్రకటన బాణీలోని కొద్ది ముక్కను హిందీ చిత్రమొకదానిలో వాడినందుకే ఆ పాటలతో చిత్రము విడుదలను ఆపినది. ముక్క చిన్నదైనను పాటకు ప్రాణమైనచో చాలునన్నది కోర్టు భావము.

రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. పాట పుట్టిననాడే హక్కు పుట్టినది. అయినను తగవు వచ్చిననాడు సాక్ష్యముగా నిలుచును గాన, ఐదువందల రూపాయల రుసుముతో ఢిల్లీలోని కాపీరైటు కార్యాలయమునకు దరఖాస్తు చేయుట మంచిది. అభ్యంతరములకై ముప్పదిదినము లాగుదురు. పాటను కవరులో బెట్టి తమకు తామే రిజిస్టరుపోస్టు చేసికొనువారిని చూచితిని, తపాలాశాఖకు లాభము.

ఆ రెడ్డిగూడెము కుర్రవాని కాగితము నాయొద్ద నకలుండిపోయినది. గడచిన సంక్రాంతికి మరల తీసి చదివితిని. సర్వహక్కులు అని నాలుగుమారులు వ్రాసినవారు, శాశ్వతముగా అని గాని, ఇన్నియేండ్లని గాని ఎచటను వ్రాయలేదు. నూజివీడు కోర్టులో నున్న ఒక వకీలు మిత్రునికి చూపగా ఆయనయు అదే చెప్పినాడు: 2024 ఫిబ్రవరితో ఐదేండ్లు నిండినవి, సంస్థవారు పట్టిన రికార్డు వారిదే గాని, మాటయు వరుసయు తిరిగి అతనివి. కబురు పంపగా ఇరువురును వచ్చిరి, తండ్రియు కుమారుడును. "అయితే ఈసారి గుత్తకిద్దాం బాబాయ్" అన్నాడు వాడు. రెండేండ్లకు, తెలుగు రాష్ట్రములకు, రికార్డునకు మాత్రమే, ఊరి కోలాటమునకును జాతరకును పాడుకొను హక్కు మినహా అని క్రొత్త కాగితము వ్రాసితిమి. సంతకమునకు ముందు తండ్రి అరుగుపై కూర్చుండి దానిని మూడు మారులు చదివించుకొని విన్నాడు.